కళ్లు మూసుకుంటే గుండె చప్పుడే వినిపిస్తోంది

పేరు బయటపెట్టవద్దన్న ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 49. స్కూల్లో లెక్కల టీచరు. ఏడు నెలల కిందట క్లాసులో బోర్డు మీద రాస్తుండగా ఛాతీ బరువెక్కి, దవడ లాగేసినట్టయి కూలబడిపోయారు. గుండెపోటు అన్నారు. ఆ రోజే యాంజియోప్లాస్టీ చేసి ఒక స్టెంటు వేశారు. నాలుగో రోజుకి ఇంటికొచ్చారు. రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయని, గుండె పంపింగ్ కూడా దాదాపు మామూలుకి వచ్చిందని డాక్టరు చెప్పారు. ఆవిడ మాత్రం మామూలు కాలేదు.

చేతికున్న వాచీలో రోజుకి నలభై, యాభై సార్లు పల్స్ చూసుకుంటారు. పాఠం మధ్యలో, స్నానానికి వెళ్లేముందు, అర్ధరాత్రి మెలకువ వస్తే. ఎడమవైపు తిరిగి పడుకుంటే గుండె దిండులోంచి కొట్టుకుంటున్నట్టు వినబడుతుందని ఆ వైపు తిరగడమే మానేశారు. సాయంత్రాలు పిల్లలకి చదరంగం నేర్పేవారు. దాని మీద మనసు పోక అదీ మానేశారు. ఇదంతా చూడలేక కూతురు ఒక మైండ్‌ఫుల్‌నెస్ క్లాసులో చేర్పించింది. రోజూ 20 నిమిషాలు కళ్లు మూసుకుని శ్వాసను గమనించాలి. మొదటి వారం బాగానే ఉందట. ఆ తర్వాత కళ్లు మూసుకోగానే శ్వాస మరుగైపోయి, గుండె చప్పుడు చెవుల్లో మోగడం మొదలైంది. ఆ భయం మొదట్లో ఎప్పుడో ఒకసారి వచ్చేది, మూడు వారాలుగా రోజూ వస్తోంది. కళ్లు తెరిచి వాచీ చూస్తే 96, 104. ట్రైనర్‌తో చెబితే, "పారిపోకండి. ఆ భయాన్నే గమనించండి. గుండె దగ్గరే ధ్యాస నిలపండి" అన్నారు.

అదే క్లాసులో పరిచయమైన ఒకాయన, ధ్యానం కుదిరాక బీపీ మాత్రలు మానేశానని, హాయిగా ఉన్నానని చెప్పారట. అది విని ఈవిడ కూడా ఇంట్లో ఎవరికీ తెలియకుండా, పల్స్ తగ్గించే మాత్రను మూడు వారాలుగా సగానికి విరిచి వేసుకుంటున్నారు. భర్త మంచివాడే. కానీ ఒకరోజు విసుగులో, "నీ మనసు నీ చేతిలో ఉండదు, అందుకే ఇంతదాకా వచ్చింది" అన్నాడు. ఆ మాట ఉత్తరంలో మూడు చోట్ల ఉంది.

ఆవిడ అడిగినవి మూడు. నాకు ధ్యానం పడదా? ఇలా భయంతో కూర్చోవడం వల్ల గుండెకి ఇంకా చెడు జరుగుతోందా? నా మనసే నా గుండెని పాడుచేసిందా?

అమ్మా, మూడింటికీ జవాబు చెబుతాను. ముందు మాత్రం మీరు అడగని దాని గురించి మాట్లాడాలి. నాలుగో పేజీ చివర, ముగించబోతూ, "ఇంకో చిన్న మాట" అని సగం మాత్ర సంగతి రాశారు. గుండె జబ్బు వచ్చినవాళ్లతో ఏళ్లుగా కూర్చుని మాట్లాడుతున్న కౌన్సెలర్‌ని నేను. ఉత్తరం మొత్తంలో నన్ను కంగారు పెట్టింది ఆ చిన్న మాటే. ఇది చదవడం ఇక్కడే ఆపి, ముందు మీ కార్డియాలజిస్టుకి ఫోన్ చేయండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

గుండెపోటు తర్వాత పల్స్ తగ్గించడానికి ఇచ్చే మాత్ర సాధారణంగా బీటా బ్లాకర్ అయి ఉంటుంది. కంగారుపడ్డా, శ్రమపడ్డా ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుంది. అది గుండెని పరుగెత్తించకుండా ఈ మందు అడ్డుపడుతుంది. నెలల తరబడి అలా అడ్డు ఉండేసరికి, అడ్రినలిన్‌ను అందుకునే ద్వారాలను గుండె కణాలు ఇంకా పెంచుకుంటాయి. అడ్డు హఠాత్తుగా తీసేస్తే ఆ ద్వారాలన్నీ ఒక్కసారి తెరుచుకున్నట్టే. పల్స్, బీపీ మునుపటికన్నా పైకి ఎగబాకుతాయి. ఛాతీ నొప్పి తిరగబెట్టవచ్చు, ఒక్కోసారి గుండెపోటే రావచ్చు. అందుకే ఈ మందు ఆపాల్సి వచ్చినా డాక్టర్లు మెట్టు మెట్టుగా తగ్గిస్తారు. మీరు పూర్తిగా మానలేదు, సగం వేసుకుంటున్నారు, అది కొంత నయం. అయినా ఇంతకాలం ఎంత వేసుకున్నారో, ఎప్పటినుంచి తగ్గించారో ఉన్నదున్నట్టు డాక్టరుకి చెప్పండి. ఆయన చెప్పేదాకా మీ అంతట మీరు ఇంకా తగ్గించడం గానీ, పోయినదానికి సరిపెడదామని ఎక్కువ వేసుకోవడం గానీ వద్దు. మరో సంగతి కూడా అడగండి. కొన్ని మాత్రలు మందు కాస్త కాస్తగా విడుదలయ్యేలా తయారవుతాయి. అలాంటివాటిలో కొన్నిటిని విరిస్తే మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. మీది విరవదగ్గ మాత్రో కాదో ఆయనకే తెలుస్తుంది.

స్టెంటు కోసం ఇచ్చిన, రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్రలను మీరు ముట్టుకోలేదనే అనుకుంటున్నాను. గుండెపోటు వచ్చి స్టెంటు పడ్డవాళ్లకి మామూలుగా ఏడాది పాటు అలాంటివి రెండు రాస్తారు. వాటిని మధ్యలో ఆపితే స్టెంటు లోపలే రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఎంత ధ్యానం చేసినా ఆ గడ్డని ఆపడం కుదరదు.

ఇప్పుడు మీ ఉత్తరంలోని రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. భయం రోజూ రావడం మొదలై మూడు వారాలు. మాత్ర సగం చేసి మూడు వారాలు. వాచీలో కనబడుతున్న 104లో భయం వాటా ఎంతో, తగ్గిన మందు వాటా ఎంతో ఇక్కడినుంచి నేను చెప్పలేను. కానీ మీరు ఆ అంకె మొత్తాన్ని మీ మనసు ఖాతాలో రాసేసుకున్నారు. "నేను ధ్యానం కూడా సరిగ్గా చేయలేను" అని మీరు బాధపడుతున్న ఈ మూడు వారాలూ మీ గుండెకి కావలసిన మందు సగమే అందింది. ఈ ఒక్కటి సర్దుకున్నాక పరిస్థితి వేరుగా కనబడవచ్చు. అందుకే ధ్యానం పడుతుందా లేదా అన్న తీర్పు ఇప్పుడే ఇచ్చుకోకండి.

క్లాసులో కలిసినాయన విషయం. ఆయన అబద్ధం చెప్పాడని అనను. హాయిగా ఉన్నాడన్నది నిజమే కావచ్చు. బీపీ పెరిగినా చాలామందికి ఏమీ తెలియదు, అది హాయిగానే ఉంటుంది. పైగా ఆయనది బీపీ మాత్ర, మీది గుండెపోటు తర్వాత వేసుకునే మాత్ర.

మైండ్‌ఫుల్‌నెస్ గుండెకి ఎంతవరకు పనికొస్తుందో తేటగా చెప్పుకుంటే మీ మీద భారం కొంత దిగుతుంది. ఇప్పుడు క్లాసుల్లో చెబుతున్న ఈ పద్ధతికి మూలం బౌద్ధ ధ్యానంలో ఉంది. ఆసుపత్రిలోకి దాన్ని తెచ్చింది జాన్ కబాట్ జిన్. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో, దీర్ఘకాలిక నొప్పులతో, జబ్బులతో బాధపడుతున్నవాళ్ల కోసం కొన్ని వారాల శిక్షణ మొదలుపెట్టారు. మొదలైన రోజునుంచీ అది వైద్యంతో పాటు సాగేదిగానే ఉంది. 2017లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ధ్యానం మీద వచ్చిన పరిశోధనలను పరిశీలించి ఒక ప్రకటన విడుదల చేసింది. ధ్యానం వల్ల గుండె జబ్బు ముప్పు కొంత తగ్గే అవకాశం ఉందని, కానీ ఆధారాలు ఇంకా బలంగా లేవని, మందులు, వ్యాయామం వంటివాటికి తోడుగా చేయదలచినవాళ్లు చేయవచ్చని దాని సారాంశం. నెదర్లాండ్స్‌లో 324 మంది గుండె రోగులతో చేసిన ప్రయోగం ఒకటి 2015లో వచ్చింది. కొందరికి మామూలు వైద్యం, కొందరికి దానితో పాటు ఆన్‌లైన్‌లో 12 వారాల మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ. శిక్షణ తీసుకున్నవాళ్లు ఆరు నిమిషాల్లో కాస్త ఎక్కువ దూరం నడిచారు, పల్స్ కాస్త తగ్గింది. రెండు చోట్లా "కాస్త" అనే మాటే సరైనది.

ఇది చెప్పడం మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి కాదు. ధ్యానం సరిగ్గా చేయకపోతే గుండె పాడవుతుందేమో అన్న కొత్త భయం మీ ఉత్తరంలో నాకు కనబడింది. అంత భారం దాని మీద పెట్టనక్కర్లేదు. మీ గుండెని కాపాడే పని మాత్రలు, స్టెంటు, నడక చూసుకుంటున్నాయి. భయంతో బతకడం కాస్త తేలికయ్యేలా చేయడం ధ్యానం పని. ఆందోళన, దిగులు, నిద్రపట్టకపోవడం వంటివాటిలో చాలామందికి దానివల్ల నిజంగానే మేలు కలుగుతోంది. అందులో తప్పడానికి గానీ పాసవడానికి గానీ ఏమీ లేదు.

ఇక మీ మొదటి ప్రశ్న, ధ్యానం పడదా అన్నది. ముందు ఇది చూద్దాం. కళ్లు మూసుకోగానే గుండె చప్పుడు ఎందుకు అంత పెద్దగా వినిపిస్తోంది? మీకు గుండెపోటు ఏ హెచ్చరికా లేకుండా, పాఠం చెబుతుండగా వచ్చింది. అప్పటినుంచి మీ మెదడు ఛాతీకి కాపలా కాస్తోంది. మళ్లీ అలా జరిగితే ముందే పట్టుకోవాలని దాని తాపత్రయం. పగలు పిల్లల గోల, బోర్డు, పరీక్ష పేపర్లు ఉంటాయి కాబట్టి ఆ కాపలా కాస్త సడలుతుంది. కళ్లు మూసుకుని, చప్పుడు లేని గదిలో, ఛాతీ పైకీ కిందకీ కదలడాన్ని గమనించమంటే ఏమవుతుంది? కాపలావాడికి దుర్భిణి చేతికిచ్చినట్టే. మామూలుగా కొట్టుకుంటున్న గుండె కూడా పెద్దగా వినిపిస్తుంది. విని భయపడతారు. భయానికి పల్స్ పెరుగుతుంది. పెరిగిన పల్స్ వాచీలో కనబడుతుంది. "చూశావా, నేను చెప్పానా" అంటుంది మెదడు. గుండెపోటు తర్వాత దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి, పెద్ద ప్రమాదంలోంచి బయటపడ్డవాళ్లకి ఉండేలాంటి భయం లక్షణాలు ఉంటాయని పరిశోధనలు చెబుతున్నాయి. మీరు ఒంటరివారు కారు, ఇది మనోబలం తక్కువై వచ్చిందీ కాదు.

ఎడమవైపు పడుకుంటే చప్పుడు వినబడటానికి కూడా కారణం మామూలుదే. ఆ వైపు తిరిగినప్పుడు గుండె కొన భాగం ఛాతీ గోడకి దగ్గరగా జరుగుతుంది. జబ్బు లేనివాళ్లకి కూడా అలా పడుకుంటే గుండె కొట్టుకోవడం తెలుస్తుంది. ఇంకొకటి. గుండె గడియారంలా ఒకే తాళంలో కొట్టుకోదు. ఊపిరి పీల్చేటప్పుడు కాస్త వేగం, వదిలేటప్పుడు కాస్త నెమ్మది. ఆరోగ్యంగా ఉన్న గుండె లక్షణమే అది. శ్వాసను గమనిస్తూ కూర్చున్నప్పుడు ఈ హెచ్చుతగ్గులు మీకు పట్టుబడి, "తేడా కొడుతోంది" అని భయపడి ఉండవచ్చు. మాటిమాటికీ తడబడినట్టు, ఒక దెబ్బ తప్పినట్టు అనిపిస్తున్నా, కళ్లు తిరుగుతున్నా, ఊరికే కూర్చున్నప్పుడు కూడా 100 దాటుతూనే ఉన్నా మాత్రం అది వేరే సంగతి. డాక్టరుకి చెప్పండి, ఒక ఈసీజీతో తేలిపోతుంది.

మీ ట్రైనర్ మీకు చెడు చేయాలని అలా చెప్పలేదు. కోపం వచ్చినప్పుడో, మోకాలు సలుపుతున్నప్పుడో "దాన్నుంచి పారిపోకండి, గమనించండి" అన్నది మంచి సలహాయే. కానీ గుండెపోటు వచ్చి ఏడు నెలలైన మనిషిని, భయంతో వణుకుతున్నప్పుడు గుండె దగ్గరే ధ్యాస నిలపమనడం నేను ఒప్పుకోలేను. పైగా ఈ సలహాలో ఇంకో ప్రమాదం ఉంది, ఇది గుండె జబ్బు ఉన్న ప్రతి ఒక్కరికీ చెప్పాలి. ఛాతీలో బరువు, బిగదీసినట్టు నొప్పి, అది చేతికో దవడకో వీపుకో పాకడం, చల్లటి చెమటలు, ఊపిరి అందకపోవడం, ఇలాంటివి వస్తే అది గమనిస్తూ కూర్చునే సమయం కాదు. ఆడవాళ్లలో ఒక్కోసారి ఛాతీ నొప్పి అంతగా లేకుండా వాంతి వచ్చినట్టుండటం, ఎన్నడూ లేని నీరసం, ఆయాసం ముందుకొస్తాయి. వెంటనే ధ్యానం ఆపి కూర్చోండి. నాలుక కింద పెట్టుకునే మాత్ర డాక్టరు ఇచ్చి ఉంటే ఆయన చెప్పినట్టు వాడండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోయినా, ఇంకా ఎక్కువవుతున్నా అంబులెన్స్ పిలవాలి. అది భయమా, గుండెనా అని ఇంట్లో కూర్చుని తేల్చుకోవద్దు. భయమేనని ఆసుపత్రిలో తేలితే అందులో నామోషీ ఏమీ లేదు.

రెండో ప్రశ్నకి వస్తాను. భయపడ్డప్పుడు పల్స్ 104కి చేరడం వల్ల గుండెకి చెడు జరుగుతోందా అంటే, చురుగ్గా నడిచినా, మెట్లెక్కినా అంతే చేరుతుంది కదా. నడవమని మీ డాక్టరు చెప్పారంటే ఆ మాత్రం వేగాన్ని మీ గుండె తట్టుకోగలదనే. ఎప్పుడో ఒక పది నిమిషాల భయం మీ గుండెని దెబ్బతీయదు. నెలల తరబడి తగ్గని ఆందోళన మాత్రం మంచిది కాదు. నిద్ర పోతుంది, నడక మానేస్తారు, మాత్రల మీద నమ్మకం సడలుతుంది. మీ విషయంలో అది మొదలైంది కూడా.

మరి ఏం చేయవచ్చు? దారులు కొన్ని ఉన్నాయి.

ఇప్పుడు చేస్తున్నట్టే రోజూ 20 నిమిషాలు పళ్లు బిగించి కూర్చోవచ్చు. కొన్నాళ్లకి భయం అరిగిపోయేవాళ్లు లేకపోలేదు. మీరు కూర్చుంటున్న తీరులో అలా జరగదని నా అనుమానం. ఎందుకంటే భయం పైకి రాగానే కళ్లు తెరిచి వాచీ చూస్తున్నారు. వాచీ చూస్తేనే ప్రాణం నిలిచిందని మెదడు నేర్చుకుంటోంది. ఇలా ఇంకో రెండు నెలలు గడిస్తే, ధ్యానం అన్న మాట వింటేనే గుండె దడ పుట్టే స్థితి రావచ్చు.

క్లాసులో కొనసాగుతూ పద్ధతి మార్చమని ట్రైనర్‌ని అడగవచ్చు. కళ్లు తెరిచి ఉంచుతాను, ఐదు నిమిషాలే కూర్చుంటాను, ధ్యాస గుండె మీద గానీ శ్వాస మీద గానీ పెట్టను, ఇబ్బందిగా ఉంటే లేచి నడుస్తాను అని ముందే చెప్పండి. మీకు గుండెపోటు వచ్చిందన్న సంగతి కూడా చెప్పండి. మీరు ఆయనకి అది చెప్పారో లేదో ఉత్తరంలో లేదు. మంచి ట్రైనర్ అయితే సంతోషంగా ఒప్పుకుంటారు. "అలాగైతే ఫలితం ఉండదు" అంటే ఆ క్లాసు మీకు కాదు. ఊపిరి బిగబట్టించడం, వేగంగా ఊదించడం ఆ క్లాసులో కలిసి ఉంటే డాక్టరు అనుమతి లేకుండా అవి చేయవద్దు. పడుకుని చేసేవి ఉంటే, అయిపోగానే దిగ్గున లేవకండి. మీరు వేసుకునే మందులకి బీపీ పడి కళ్లు తిరగవచ్చు. ఒక నిమిషం మంచం అంచున కూర్చుని లేవండి.

లేదా కూర్చుని చేసే ధ్యానాన్ని ఒక నెల పక్కన పెట్టి, పనుల్లోనే ధ్యాసను అభ్యాసం చేయవచ్చు. నాకు ఇది ఇష్టమైన దారి, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

పొద్దున్న మాత్రలు వేసుకునే వేళే మీ అభ్యాసం అనుకోండి. వాచీ తీసి పక్క గదిలో పెట్టండి. నిలబడి, పాదాలు నేల మీద ఎక్కడ ఆనుతున్నాయో చూడండి. మడమ ఎంత, వేళ్లు ఎంత, నేల చల్లగా ఉందా. స్ట్రిప్ చేతిలోకి తీసుకోండి. బొటనవేలితో నొక్కితే రేకు మొదట లొంగదు, తర్వాత ఒక్కసారి టప్‌మని చిరుగుతుంది. మాత్ర అరచేతిలో పడుతుంది. దాని రంగు, అంచు, మీద చెక్కిన అక్షరం చూడండి. ఏడు నెలలుగా రోజూ మింగుతున్నారు, ఆ అక్షరం ఏదో మీకు తెలుసా? నాలుక మీద పెట్టుకోగానే కొద్దిగా చేదు. నీళ్లు గొంతులోంచి దిగుతున్నప్పుడు ఎంతదాకా చల్లదనం తెలుస్తుందో చూడండి. మధ్యలో గుండె గుర్తొస్తుంది, రానివ్వండి. తరిమేయనూ వద్దు, దాని వెంట పోనూ వద్దు. మళ్లీ పాదాల దగ్గరికి రండి. అంతా కలిపి రెండు నిమిషాలు. మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఇదే, దీన్లో ఏదీ తక్కువ కాలేదు. పైగా నేను కావాలనే మాత్రలను ఎంచుకున్నాను. మూడు వారాలుగా దొంగచాటుగా విరుస్తున్న మాత్రను మళ్లీ కళ్లారా చూసి, పూర్తి ధ్యాసతో వేసుకోవడం మీకు మంచిది.

ఇలా ఒక వారం చేశాక, సాయంత్రం ఐదు నిమిషాలు కుర్చీలో కూర్చోండి. కళ్లు తెరిచే ఉంచండి. రెండు అరచేతులూ బల్ల మీద ఆనించండి. దూరంగా వినబడుతున్న చప్పుళ్లను ఒక్కొక్కటిగా వినండి. బైపాస్ అయిన ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చేవారు. కళ్లు మూస్తే ఆపరేషన్ థియేటర్ లైట్లే కనబడేవి ఆయనకి. ఆయన మొదటి రెండు నెలలూ కిటికీలోంచి చూస్తూ, బల్ల చెక్క గరుకుదనాన్ని అరచేతులతో తెలుసుకుంటూ మాత్రమే కూర్చున్నారు. శ్వాస జోలికి మేం వెళ్లలేదు. ఒకరోజు ఆయనే, "ఈ రోజు కళ్లు వాటంతట అవే మూతపడ్డాయి" అన్నారు. మీకూ అలాగే అవుతుందని హామీ ఇవ్వలేను. తొందర అక్కర్లేదని మాత్రం చెప్పగలను. ఈ దారిలో ఇబ్బంది ఏమిటంటే, చాలా నెమ్మది. క్లాసులో ఉన్న తోడు ఉండదు, వదిలేశానేమో అన్న గిల్టీ ఫీలింగ్ రావచ్చు.

ఇంకో దారి, మైండ్‌ఫుల్‌నెస్‌నే ప్రస్తుతానికి వదిలేయడం. అందులో తప్పేమీ లేదు. ధ్యానం వల్ల కొందరికి ఆందోళన పెరగడం ఉంది. 2020లో ప్రచురితమైన ఒక సమీక్షలో నూటికి సుమారు ఎనిమిది మందిలో ఇలాంటి ఇబ్బందులు కనబడ్డాయి. ధ్యానం వదిలినా మానకూడనిది ఒకటి ఉంది, కార్డియాక్ రిహాబిలిటేషన్. ఫిజియోథెరపిస్టు, నర్సు చూస్తుండగా, అవసరమైతే ఈసీజీ మానిటర్ పెట్టి, నడక, సైకిలు తొక్కించడం వంటివి వారాల తరబడి చేయిస్తారు. మీ డాక్టరుని దీని గురించి తప్పక అడగండి. మీ లాంటి భయానికి ఇది ధ్యానం కన్నా ముందు రావాలని నా అభిప్రాయం. పల్స్ 110కి వెళ్తుంది, పక్కనున్న మనిషి స్క్రీన్ చూసి "బాగుంది, ఇంకో రెండు నిమిషాలు" అంటుంది. ఏమీ కాదు. మర్నాడు మళ్లీ ఏమీ కాదు. గుండె మీద నమ్మకం అలా తిరిగొస్తుంది. దానితో పాటు కౌన్సెలింగ్, ముఖ్యంగా భయం చుట్టూ అల్లుకున్న ఆలోచనలని, అలవాట్లని విప్పే సీబీటీ పద్ధతి బాగా పనిచేస్తుంది.

వాచీని పారేయమని చెప్పను. మీ పల్స్ ఎంత నుంచి ఎంత వరకు ఉండవచ్చో డాక్టరుని అడిగి రాసుకోండి. బీటా బ్లాకర్ వేసుకునేవాళ్లకి 55, 60 కనబడటం మామూలే, అదీ భయపెట్టవచ్చు, ముందే తెలిసి ఉంటే మంచిది. తర్వాత రోజుకి మూడు సార్లే, వేళ పెట్టుకుని చూడండి. మధ్యలో చూడాలనిపిస్తే పది నిమిషాలు ఆగండి. మొదటి రోజు పది కాకపోతే మూడు నిమిషాలు ఆగండి. వాచీ పట్టీ వదులుగా ఉన్నా, చేయి కదులుతున్నా అంకె తప్పు చూపవచ్చని కూడా గుర్తుంచుకోండి.

చదరంగం మానేశారన్న మాట నాకు గుచ్చుకుంది. రెండు ప్రశ్నలు అడుగుతాను. గడిచిన రెండు వారాల్లో, ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద ఆసక్తి లేకపోవడం ఎక్కువ రోజులు ఉందా? దిగులుగా, ఇక ఏముందిలే అన్నట్టుగా అనిపించడం ఎక్కువ రోజులు ఉందా? ఏ ఒక్కదానికి అవునన్నా డాక్టరుకి చెప్పండి. గుండెపోటు తర్వాత దాదాపు ఐదుగురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. అది కోలుకోవడాన్ని దెబ్బతీస్తుంది కాబట్టి ఇది కార్డియాలజిస్టుకి అవసరం లేని సొంత గొడవ అనుకోకండి. దీనికి మందులున్నాయి. సెర్ట్రలిన్ అనే మందు గుండెపోటు వచ్చినవాళ్లకి సురక్షితమేనని 2002లోనే ఒక పెద్ద పరిశోధనలో తేలింది. మీకు ఏది సరిపోతుందో డాక్టరు చూస్తారు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ క్షణమే ఇంట్లోవాళ్లకి చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.

ఇక ఆ మాట. "నీ మనసు నీ చేతిలో ఉండదు, అందుకే." 2004లో ఇంటర్‌హార్ట్ అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. 52 దేశాల్లో మొదటిసారి గుండెపోటు వచ్చిన వేలమందిని, రానివాళ్లతో పోల్చి చూశారు. ముప్పుని నిర్ణయించే తొమ్మిది అంశాలు ముఖ్యమని తేలింది. పొగతాగడం, కొలెస్టరాల్, బీపీ, షుగరు, పొట్ట చుట్టూ కొవ్వు, వ్యాయామం లేకపోవడం వంటివాటి మధ్య మానసిక ఒత్తిడి ఒకటి. అందులో ఒత్తిడి అంటే ఇంట్లో, పనిలో పడే ఒత్తిడి, డబ్బు ఇబ్బందులు, జీవితంలో తగిలిన పెద్ద దెబ్బలు ఇలాంటివి. అవి మనిషి మీద వచ్చిపడేవి. వంశంలో ఉన్నది, వయసుతో వచ్చే మార్పులు వీటికి అదనం. మీ గుండె రక్తనాళంలో పూడిక ఏళ్ల తరబడి పేరుకుంది. మీరు ఫలానా రోజు మనసు అదుపు చేసుకోనందుకు అది రాలేదు. మీ మూడో ప్రశ్నకి నా జవాబు, కాదు.

మీ భర్తతో దీని మీద వాదించమని చెప్పను. ఆయన కూడా ఏడు నెలలుగా భయపడుతున్న మనిషే. ఇలాంటి ఇళ్లలో రాత్రి మెలకువ వచ్చి భార్య ఊపిరి వింటూ పడుకునే భర్తలను చూశాను. "ఇందులో నా చేతుల్లో ఏమీ లేదు" అన్న నిస్సహాయతకి, తప్పు ఎవరిదో ఒకరిది అనుకుంటే కాస్త ఊరట. ఆ ఊరట కోసం అన్న మాట మీకు గాయమైంది. ఇద్దరూ తీరిగ్గా ఉన్న వేళ, "ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. నీకు కూడా భయంగా ఉంటోందా?" అని అడిగి చూడండి. అడగడం కష్టమనిపిస్తే ఈ సమాధానం ఆయన చేతికిచ్చి చదవమనండి. ఈసారి డాక్టరు దగ్గరికి ఆయన్నీ తీసుకెళ్లండి. సగం మాత్ర సంగతి ఆయన ముందే చెప్పండి. కోప్పడవచ్చు. దాచి ఉంచితే మీరు మోయాల్సిన బరువు మాత్రం అంతకన్నా ఎక్కువ. కూతురికి కూడా "నువ్వు చేర్పించిన క్లాసు నాకు సరిపడలేదు" అన్నది సంకోచించకుండా చెప్పవచ్చు. ఆ పిల్ల కోరుకున్నది మీరు బాగుండాలని, క్లాసు పూర్తిచేయాలని కాదు.

ఎడమవైపు తిరిగి పడుకోవడం ఇప్పుడే ప్రయత్నించనక్కర్లేదు. మందు సర్దుకుని, ఒక నెల నడక సాగాక, ఏదో ఒక మధ్యాహ్నం, ఇంట్లో మనుషులున్నప్పుడు ఒక్క నిమిషం తిరిగి చూడండి. ముందు ఫోన్ చేయండి. డాక్టరు ఏమన్నారో నాకు రెండు లైన్లు రాయండి, ఎదురుచూస్తుంటాను.